సీఎస్ఆర్ కి ఇచ్చే రెండు శాతం వల్ల కంపెనీ దగ్గర క్యాష్ నిజంగా తగ్గుద్దా?

ఏదో కంపెనీ స్కూలుకి బెంచీలు ఇచ్చింది, హాస్పిటల్ కి అంబులెన్స్ ఇచ్చింది అని పేపర్లో ఫోటో పడ్డప్పుడల్లా రెండు రకాల మాటలు వినపడతాయి. వాళ్ళ దగ్గర మూలుగుతున్న డబ్బులో ఇది ఏ మూలకి అని ఒకళ్ళు, మా షేర్ హోల్డర్ల డబ్బు తీసుకెళ్ళి దానాలు చేసేస్తే రేపు కష్టం వస్తే క్యాష్ ఎక్కడి నుంచి తెస్తారు అని ఇంకొకళ్ళు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది గానీ, సీఎస్ఆర్, అంటే కంపెనీలు లాభంలోంచి సమాజం కోసం చట్టప్రకారం పెట్టాల్సిన ఖర్చు, దానికీ కంపెనీ నగదు నిల్వకీ ఉన్న అసలు సంబంధం ఆ చెక్కు మీద అంకె చూస్తే తెలీదు, కాస్త లోపలికి వెళ్ళాలి. నేను గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల మిల్లుల లెక్కలు చూసే పనిలో ఉన్నా కాబట్టి ఇక్కడి సంగతులతోనే చెప్తా.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. బ్యాలెన్స్ షీట్ లో రిజర్వ్స్ అండ్ సర్‌ప్లస్ అని ఒక లైన్ ఉంటది, అక్కడ 60 కోట్లు కనపడగానే కంపెనీ దగ్గర 60 కోట్ల క్యాష్ ఉందనుకుంటారు చాలామంది. అది ఇన్నేళ్ళలో సంపాదించి పంచకుండా కంపెనీలోనే ఉంచేసిన లాభం, ఆ డబ్బు ఎప్పుడో మెషిన్లు అయిపోయింది, షెడ్డు అయిపోయింది, గోడౌన్ లో పత్తి బేళ్ళు అయిపోయింది. కోటి రూపాయల ఇల్లు ఉన్నోడి జేబులో కోటి ఉండదు కదా, అలా. అసలు క్యాష్ ఎంతుందో తెలియాలంటే అవతలి వైపు ఆస్తుల్లో చూడాలి, క్యాష్ అండ్ క్యాష్ ఈక్వివలెంట్స్, దాని కింద అదర్ బ్యాంక్ బ్యాలెన్సెస్, ఇంకా లిక్విడ్ ఫండ్స్ లో, అంటే కావాలన్నప్పుడు వెనక్కి తీసుకోగలిగే ఫండ్స్ లో పెట్టి ఉంటే కరెంట్ ఇన్వెస్ట్‌మెంట్స్, ఈ మూడూ కలిపితే గానీ బొమ్మ రాదు.

ఇప్పుడు చట్టం సంగతి. 2013 కంపెనీల చట్టంలో 135 సెక్షన్, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఏ ఏడాదికైనా దాని ముందు ఆర్థిక సంవత్సరంలో నెట్ వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, ఈ మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నా ఆ కంపెనీ గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్ కి ఖర్చు పెట్టాలి. మొదటి రెండూ పెద్దోళ్ళ లెక్కలు, మన గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లులు, మిర్చి ఎక్స్‌పోర్టర్లు, కోల్డ్ స్టోరేజీలు నడిపే కంపెనీలకి తగిలేది ఎక్కువగా మూడోదే, లాభం 5 కోట్లు.

ఒక మిల్లు ఉందనుకుందాం, టర్నోవర్ 120 కోట్లు. మూడేళ్ళ లాభాలు 4 కోట్లు, 11 కోట్లు, 6 కోట్లు. సగటు 7 కోట్లు, అందులో 2 శాతం అంటే 14 లక్షలు. ఈ 14 లక్షలు ఈ ఏడాది ఖర్చు పెట్టాలి, ఈ ఏడాది పత్తి రేటు దెబ్బకొట్టి మిల్లు నష్టాల్లో ఉన్నా సరే పెట్టాలి, ఎందుకంటే లెక్క వెనక మూడేళ్ళది. ఇక్కడే క్యాష్ కి మొదటి చిక్కు వస్తది. లాభం వచ్చిన ఏడాది డబ్బు పత్తిలోకి, లోన్ కిస్తీల్లోకి వెళ్ళిపోయింది, ఇప్పుడు చేతిలో లేని ఏడాది కట్టాలి. పత్తి వ్యాపారం తెలిసిన వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, 2022 మే లో క్యాండీ, అంటే 356 కిలోలు, లక్ష రూపాయలు దాటింది, ఆ రేటుకి సరుకు కొని పెట్టుకున్న మిల్లులు తర్వాత రేటు దిగినప్పుడు ఎంత నలిగిపోయాయో ఇక్కడ అందరికీ తెలుసు.

పైగా 14 లక్షలు అంటే 14 లక్షలతో అయిపోదు. 2014 ఫైనాన్స్ చట్టంలోనే సీఎస్ఆర్ ఖర్చుని వ్యాపార ఖర్చుగా చూపించుకోకూడదు అని పెట్టారు, అంటే ఆ 14 లక్షల మీద ఇన్కమ్ టాక్స్ తగ్గదు, 25.17 శాతం కట్టే కంపెనీకి మామూలు ఖర్చు మీద అయితే టాక్స్ లో మూడున్నర లక్షలు మిగిలేవి, ఇక్కడ మిగలవు. స్కూల్లో ఆర్ఓ ప్లాంట్ పెట్టారనుకోండి, దాని మీద కట్టిన జీఎస్టీ కి ఇన్పుట్ క్రెడిట్, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకునే వీలు కూడా 2023 అక్టోబర్ నుంచి రాదు. కట్టించిన బిల్డింగ్ గానీ కొన్న మెషిన్ గానీ కంపెనీ పేరు మీద ఉండకూడదు, ట్రస్టుకో, ప్రభుత్వ సంస్థకో, లబ్ధిదారులకో వెళ్ళిపోవాలి. కాబట్టి ఇది పూర్తిగా బయటికెళ్ళిపోయే డబ్బు, మళ్ళీ తిరిగొచ్చే దారి లేదు.

ఇక బ్యాంకు వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి. మన దగ్గర మిల్లుల్లో చాలావాటికి క్యాష్ నిల్వ అనేది ఎఫ్‌డీల రూపంలో ఉండదు, బ్యాంకు ఇచ్చిన సీసీ (క్యాష్ క్రెడిట్, కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) లిమిట్ లో వాడకుండా మిగిల్చుకున్న భాగమే వాళ్ళ నిల్వ. ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తారు, సరుకు ప్లస్ రావాల్సిన బాకీలు, అందులోంచి సప్లయర్లకి ఇవ్వాల్సింది తీసేసి, మార్జిన్ 25 శాతం అనుకోండి అది కోసి, మిగతాది డ్రాయింగ్ పవర్, అంటే ఆ లిమిట్ లోంచి అప్పటికి తీసుకోగలిగిన మొత్తం. ఇప్పుడు 14 లక్షలు పెట్టి పత్తి కొంటే ఆ పత్తి మీద పదిన్నర లక్షల డ్రాయింగ్ పవర్ పుడుతుంది. అదే 14 లక్షలు సీఎస్ఆర్ కి ఇస్తే ఒక్క రూపాయి పుట్టదు, మొత్తం ఓనర్ సొంత డబ్బులోంచే పోవాలి. అంకెలో చిన్నదైనా సీజన్ మధ్యలో, పత్తి కొనుగోళ్ళు ముమ్మరంగా ఉన్న డిసెంబర్ జనవరిలో, ఇది మేనేజర్ కి గట్టిగానే తెలుస్తది.

అందుకే మార్చి హడావిడి. ఏప్రిల్ లోనే ఇచ్చేయొచ్చు కదా అంటారు, సీసీ మీద 10 శాతం వడ్డీ వేసుకున్నా 14 లక్షలకి పదకొండు నెలల వడ్డీ దాదాపు లక్షా ముప్పై వేలు, ఆ లెక్క తెలిసిన అకౌంటెంట్ ఎవరూ ఏప్రిల్ లో ఇవ్వనివ్వడు. ఫలితం ఏంటంటే మార్చి మూడో వారంలో ఏ స్కూలు దొరికితే ఆ స్కూలు, ఎవరు ముందు బిల్లు ఇస్తే వాళ్ళు. ఊరికి నిజంగా ఏం కావాలో అడిగే టైమ్ ఉండదు. ఇది నాకు బాధగా ఉంటది, ఎందుకంటే చట్టమే మీరు పనిచేసే చోటికి, చుట్టుపక్కలకి ముందు ప్రాధాన్యం ఇవ్వండి అంటది, ఆ మాట మార్చి 25 న ఎవరికి గుర్తుంటది.

అయితే 2021 జనవరి 22 నుంచి రూల్స్ బిగించారు, దాని వల్ల క్యాష్ లెక్క కొంచెం మారింది. అంతకుముందు ఖర్చు పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో బోర్డు రిపోర్టులో ఒక వాక్యం రాస్తే సరిపోయేది, డబ్బు కంపెనీ దగ్గరే ఉండేది. ఇప్పుడు అలా కుదరదు. రెండు మూడేళ్ళు నడిచే ప్రాజెక్టు అయితే మిగిలిన డబ్బు ఆర్థిక సంవత్సరం అయిన 30 రోజుల్లో అన్‌స్పెంట్ సీఎస్ఆర్ అకౌంట్ అని బ్యాంకులో విడిగా తెరిచి అందులో వెయ్యాలి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు పెట్టాలి. అలాంటి ప్రాజెక్టు ఏదీ లేకపోతే ఆరు నెలల్లోపు ప్రధాని సహాయ నిధి లాంటి, షెడ్యూల్ 7 లో (సీఎస్ఆర్ కింద ఏవి వస్తాయో చట్టంలో ఇచ్చిన జాబితా) ఉన్న ఫండ్ కి పంపెయ్యాలి. పంపకపోతే కంపెనీకి ఆ మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది ఫైన్. ఎక్కువ ఖర్చు పెడితే మాత్రం ఆ ఎక్కువని తర్వాత మూడేళ్ళలో సర్దుకోవచ్చు.

దీని వల్ల బ్యాలెన్స్ షీట్ లో ఒక కొత్త రకం క్యాష్ వచ్చింది, కంపెనీ పేరు మీదే ఉంటది, కానీ కంపెనీ ముట్టుకోలేదు. కరెంటు బిల్లు కట్టడానికి పనికిరాదు, జీతాలకి పనికిరాదు. పెద్ద కంపెనీ యాన్యువల్ రిపోర్ట్ చూసేటప్పుడు అదర్ బ్యాంక్ బ్యాలెన్సెస్ లో ఈ అన్‌స్పెంట్ అకౌంట్ ఎంతో చూసి, ఆ మేరకి మనసులో నిల్వలోంచి తీసేసుకోవాలి, లేకపోతే ఉన్నదానికంటే ఎక్కువ ఉందనుకుంటాం.

ఇంతవరకు నేరుగా బయటికి పోయే డబ్బు గురించి. కానీ నిజం చెప్పాలంటే లాభంలో రెండు శాతం వల్ల ఏ కంపెనీ నిల్వా కూలిపోదు. కంపెనీలు అసలు క్యాష్ ఎందుకు దాచుకుంటాయి, ఆ కారణాల మీద సీఎస్ఆర్ ఏం చేస్తది అన్నదగ్గరే పెద్ద విషయం ఉంది.

కీన్స్ 1936 లోనే మూడు కారణాలు చెప్పాడు, రోజువారీ చెల్లింపులకి, ఏదైనా ముంచుకొస్తే ఆదుకోడానికి, మంచి అవకాశం వస్తే పట్టుకోడానికి. ఇందులో రెండోదే కంపెనీలకి అసలు భయం. మనకి బయట నుంచి డబ్బు ఎంత తేలిగ్గా, ఎంత చవగ్గా పుడుతుందో దాన్ని బట్టి లోపల దాచుకోవాల్సింది ఉంటది. బ్యాంకు ఫోన్ చేస్తే రేపే ఇస్తుందనుకుంటే ఇవాళ దాచుకోవాల్సిన పని తక్కువ. ఎవరూ ఇవ్వరనుకుంటే గింజ గింజా కూడబెట్టుకోవాలి. ఇక్కడ సీఎస్ఆర్ కి పని పడుతుంది. 2014 లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, చాలా దేశాల కంపెనీలు చూసి, సామాజిక బాధ్యతలో మెరుగ్గా ఉన్న వాళ్ళకి బయట పెట్టుబడి దొరకడం తేలిక అని తేల్చారు, వివరాలు దాచకుండా చెప్పడం, ఉద్యోగులు, సరఫరాదారులు, ఊరివాళ్ళతో సంబంధాలు బాగుండటం, ఈ రెండూ కారణాలు. 2008, 2009 ఆర్థిక సంక్షోభంలో అమెరికా కంపెనీల మీద చేసిన ఇంకో పరిశోధనలో బాధ్యతకి మంచి మార్కులున్న కంపెనీల షేర్లు మిగతావాటికంటే 4 నుంచి 7 శాతం పాయింట్లు ఎక్కువ రాబడి ఇచ్చాయని తేలింది. అందరి మీదా నమ్మకం పోయిన రోజుల్లో వీళ్ళ మీద కొంచెం మిగిలిందన్నమాట. ఈ వాదన ప్రకారం చూస్తే సీఎస్ఆర్ బాగా చేసే కంపెనీకి నిల్వ తక్కువ ఉన్నా గడిచిపోతది.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. బాధ్యత ఒకసారి నెత్తిన పెట్టుకుంటే దించడం కష్టం. గుంటూరు జనరల్ హాస్పిటల్ లో నాట్కో ట్రస్ట్ వాళ్ళు కట్టించిన కేన్సర్ సెంటర్ ఉంది, అలాంటి పని మొదలుపెట్టాక పేషెంట్లు దాని మీద ఆధారపడతారు, ఈ ఏడాది మార్కెట్ బాలేదు వచ్చే ఏడాది చూద్దాం అని ఏ దాతా అనలేడు, అంటే పరువు పోతది. అలాగే ఉద్యోగుల్ని తియ్యం అని పేరు తెచ్చుకున్న కంపెనీ చెడ్డ ఏడాదిలో కూడా జీతాలు ఇవ్వాలి. రాతలో లేని ఈ మాటలన్నిటికీ వెనక డబ్బు ఉండాలి, కాబట్టి బాధ్యత గల కంపెనీ ఇంకా ఎక్కువ క్యాష్ పెట్టుకోవాల్సి వస్తది. పరిశోధనల్లో కొన్ని ఇటు, కొన్ని అటు తేలడానికి కారణం ఇదే అని నా అభిప్రాయం, రెండు శక్తులూ నిజమే, ఏ కంపెనీలో ఏది బలమో దాన్ని బట్టి నిల్వ పెరుగుద్దో తగ్గుద్దో ఉంటది.

ఇంకో మాట. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం ఇష్టపూర్వకంగా సీఎస్ఆర్ చేసే దేశాలవి. మన దగ్గర అది కట్టి తీరాల్సిన లెక్క. ఇష్టంతో చేసినప్పుడు ఆ పని కంపెనీ ఎలాంటిదో చెప్తది, బలవంతంగా అందరూ చేస్తే దాన్ని చూసి ఎవరు మంచోళ్ళో ఎలా తెలుస్తది? చట్టం వచ్చినప్పుడు మన దేశంలో జరిగినదాని మీద 2017 లో వచ్చిన పరిశోధనలో, తప్పనిసరిగా ఖర్చు పెట్టాల్సిన కంపెనీల షేర్ ధర సగటున 4.1 శాతం పడిందని తేలింది. మరుసటి ఏడాది వచ్చిన ఇంకోదాంట్లో, అప్పటిదాకా 2 శాతం కంటే తక్కువ పెట్టేవాళ్ళు పెంచారు, సరే, కానీ ముందే ఎక్కువ పెడుతున్న పెద్ద కంపెనీలు తగ్గించేశాయని తేలింది. నేల అనుకున్న గీత కొందరికి పైకప్పు అయిపోయింది. మనసుతో పెట్టేవాడికి కూడా చట్టం ఇంత చాలు అని చెప్పినట్టయింది, ఇది చాలా నష్టం అనుకుంటా నేను.

క్యాష్ ఎంత ఉందన్నది ఒకటి, ఆ క్యాష్ ని మార్కెట్ ఎంతకి లెక్కేస్తుందన్నది ఇంకోటి. 1986 లో జెన్సెన్ అనే ఆర్థికవేత్త చెప్పిన మాట ఇప్పటికీ పనికొస్తది, మేనేజర్ల చేతిలో పనిలేని డబ్బు ఎక్కువుంటే అది వృథా కొనుగోళ్ళకి, సొంత సరదాలకి పోతది అని. అందుకే ఒక కంపెనీ దగ్గర 100 రూపాయల క్యాష్ ఉంటే మార్కెట్ దాన్ని 100 గానే చూడదు, మేనేజ్‌మెంట్ మీద నమ్మకం లేకపోతే 70 గా చూస్తది. 2017 లో చాలా దేశాల కంపెనీలు చూసిన ఒక అధ్యయనంలో సీఎస్ఆర్ మార్కులు ఎక్కువున్న కంపెనీల క్యాష్ కి ఇన్వెస్టర్లు ఎక్కువ విలువ ఇస్తున్నారని వచ్చింది, వీళ్ళు ఆ డబ్బు పాడు చెయ్యరు అన్న నమ్మకం.

ఈ నమ్మకం దగ్గర తెలుగువాళ్ళం కాస్త ఆగాలి. సత్యం కంప్యూటర్స్ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు. దాని ఛైర్మన్ రామలింగరాజు గారి కుటుంబం 2001 లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది, పల్లెల్లో మంచినీళ్ళ ప్లాంట్లు పెట్టారు, 2005 లో 108 అంబులెన్స్ మొదలైంది వాళ్ళు స్థాపించిన ఈఎంఆర్ఐ అనే సంస్థతోనే, ఆ 108 ఇవాళ్టికీ ప్రాణాలు కాపాడుతోంది, అది నిజం. అదే సమయంలో కంపెనీ పుస్తకాల్లో క్యాష్ కుప్పలు. 2008 లో కార్పొరేట్ గవర్నెన్స్ కి గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. ఆ డిసెంబర్ 16 న తమ కుటుంబానివే అయిన మేటాస్ కంపెనీలు రెండిట్ని 160 కోట్ల డాలర్లకి కొంటున్నాం అన్నారు, ఇన్వెస్టర్లు గోల చేస్తే గంటల్లో వెనక్కి తీసుకున్నారు. తర్వాత 2009 జనవరి 7 న రామలింగరాజు గారు రాసిన లేఖ, పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేవు అని. ఉన్న క్యాష్ ని అడ్డంగా ఖర్చు పెడతారని భయపడ్డ జనానికి, అసలు క్యాషే లేదని తెలిసింది. అవార్డు తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఆ రోజుల్లో సత్యం షేర్లు పట్టుకున్న కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఊరికి చేసిన మంచిని చూసి లెక్కల్ని నమ్మడం ఎంత ప్రమాదమో ఆ ఇళ్ళల్లో అడిగితే చెప్తారు. సేవ నిజం కావచ్చు, లెక్క అబద్ధం కావచ్చు, రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు.

ఇక ఆపద వచ్చినప్పుడు ఏమవుతుందో చూద్దాం, దానికి మనకి దగ్గర ఉదాహరణ 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వరద. సింగ్ నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నాయి. కంపెనీలు ముఖ్యమంత్రి సహాయ నిధికి చెక్కులు ఇచ్చాయి, మంచి పని. కానీ సీఎస్ఆర్ లెక్కలో ముఖ్యమంత్రి సహాయ నిధి రాదు, షెడ్యూల్ 7 లో ప్రధాని సహాయ నిధి ఉంది గానీ అది లేదు, కరోనా టైమ్ లో 2020 ఏప్రిల్ లో కేంద్రం ఈ విషయం స్పష్టంగానే చెప్పింది. కాబట్టి అలా ఇచ్చిన చెక్కు ఆ రెండు శాతంలో కలవదు, దానికి పైన, కంపెనీ సొంత క్యాష్ లోంచి పోయినట్టు. అదే కంపెనీ నేరుగా పడవలు పెట్టి, భోజనం ప్యాకెట్లు పంచి, ఇళ్ళల్లో బురద కడిగించి ఉంటే విపత్తు సహాయం కింద సీఎస్ఆర్ లో చూపించుకోవచ్చు, 2019 నుంచి అది షెడ్యూల్ లో ఉంది. రూల్ ఇలా ఎందుకుందో నాకు అర్థం కాదు, మన రాష్ట్రం మునిగితే మన రాష్ట్ర నిధికి ఇచ్చింది లెక్కలోకి రాకపోవడం న్యాయం కాదు. ఏమైనా లెక్కకి రాకపోయినా ఇచ్చిన వాళ్ళే, నా దృష్టిలో, నిజంగా తమ నిల్వలోంచి ఇచ్చిన వాళ్ళు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికి వచ్చా. కంపెనీ క్యాష్ ని అన్నిటికంటే ఎక్కువగా కదిపే బాధ్యత ఒకటుంది, అది సీఎస్ఆర్ కింద లెక్కకే రాదు. చిన్నవాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బు టైమ్ కి ఇవ్వడం. మామూలు వ్యాపారంలో భాగంగా చేసేది సీఎస్ఆర్ కాదు అని రూల్స్ లోనే ఉంది కాబట్టి దాని గురించి ఏ రిపోర్టులోనూ రంగుల ఫోటో రాదు.

మళ్ళీ మన మిల్లు దగ్గరికి రండి. ఆ మిల్లు ఏడాదికి 6 కోట్ల విలువ చేసే పని, సామాను చిన్న యూనిట్ల దగ్గర తీసుకుంటది అనుకుందాం. విజయవాడ ఆటోనగర్ లో లేత్ వర్క్ చేసేవాళ్ళు, గేర్లు కోసేవాళ్ళు, షాఫ్ట్ వెల్డింగ్, ప్యాకింగ్ సామాను, ఇలాంటివి. 45 రోజులకి ఇవ్వాల్సిన డబ్బు 120 రోజులకి ఇస్తే, ఆ 75 రోజుల తేడా వల్ల మిల్లు దగ్గర ఎప్పుడూ కోటీ ఇరవై మూడు లక్షలు అదనంగా ఉంటది. సీఎస్ఆర్ 14 లక్షలకి ఇది దాదాపు తొమ్మిది రెట్లు. దాని మీద మిల్లుకి మిగిలే సీసీ వడ్డీ, 10 శాతం లెక్కన, ఏడాదికి 12 లక్షలు పైన. అంటే స్కూలుకి ఇచ్చిన 14 లక్షల్లో చాలావరకు ఇక్కడే వెనక్కి వచ్చేసింది.

మరి అవతల? ఆటోనగర్ లో షెడ్డు అద్దెకి తీసుకుని ఇద్దరు ముగ్గురు పనివాళ్ళతో నడిపే ఆయనకి 10 శాతానికి బ్యాంకు అప్పు ఎవరిస్తారు. బిల్లు ఇచ్చి నెల తర్వాత ఫోన్ చేస్తే అకౌంట్స్ లో ఉంది అంటారు, ఇంకో పది రోజులకి చేస్తే సార్ సంతకం పెట్టాలి అంటారు, ఆ తర్వాత వచ్చే వారం రండి అంటారు. శనివారం కూలీ ఇవ్వాలి కదా, వెళ్ళి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు, అంటే ఏడాదికి 24 శాతం. ఆ కోటీ ఇరవై మూడు లక్షలకి ఆ రేటున వడ్డీ దాదాపు 30 లక్షలు. మిల్లు కుడి చేత్తో 14 లక్షలు ఊరికి ఇచ్చి, ఎడమ చేత్తో 30 లక్షల భారం అదే ఊళ్ళో చిన్నోళ్ళ నెత్తిన పెట్టింది. బ్యాలెన్స్ షీట్ లో మాత్రం క్యాష్ నిండుగా, సీఎస్ఆర్ పూర్తిగా కనపడతాయి.

అలాంటి క్యాష్ ని నేను నిల్వ అనను, పక్కవాడి డబ్బు కొన్నాళ్ళు మన దగ్గర ఉండటం అది. మార్కెట్ కాస్త అటూ ఇటూ అయితే ముందు వాళ్ళే అడ్వాన్స్ ఇస్తేనే పని అంటారు, అవసరమైన రోజే ఆ నిల్వ కరిగిపోతది. టైమ్ కి ఇచ్చే మిల్లుల్ని కూడా చూశా, ఆదివారం రాత్రి మెషిన్ ఆగిపోతే ఫోన్ చేసిన గంటకి ఆటోనగర్ నుంచి మనిషి వచ్చి నిలబడతాడు, డబ్బు మాట మర్నాడు. బ్యాంకు ఇవ్వని లిమిట్ ని ఆ నమ్మకం ఇస్తది. సీఎస్ఆర్ వల్ల నిల్వ అవసరం తగ్గుద్ది అని పరిశోధనలు చెప్పేది మన దగ్గర ఇలా కనపడతది, ఫోటోలో కాదు.

చట్టం దీన్ని వేరే దారిలో పట్టుకుంది. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఎందుకంటే పెద్ద కస్టమర్ మీద కేసు వేసి మళ్ళీ వాడి దగ్గరే పని అడగడం ఎవరివల్ల అవుద్ది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఇన్కమ్ టాక్స్ లో 43బి సెక్షన్ కి ఒక క్లాజు కలిపారు, సూక్ష్మ, చిన్న యూనిట్లకి గడువు దాటి బాకీ ఉంటే ఆ ఖర్చు నిజంగా చెల్లించిన ఏడాదే చూపించుకోవాలి, అప్పటిదాకా దాని మీద టాక్స్ కట్టు అని. దాంతో ఆ మార్చిలో చాలా అకౌంట్స్ ఆఫీసుల్లో సప్లయర్లకి ఫోన్లు చేసి మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఎంఎస్ఎంఈ గా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) ఉందా అని అడగడం మొదలైంది.

కంపెనీ గురించి తెలుసుకోవాలంటే యాన్యువల్ రిపోర్ట్ లో సీఎస్ఆర్ నోట్ చూడండి, ఎంత పెట్టాలి, ఎంత పెట్టారు, ఎంత మిగిలింది, ఎందుకు మిగిలింది అన్నీ అందులో ఉంటాయి. తర్వాత ట్రేడ్ పేయబుల్స్, అంటే సప్లయర్లకి ఇవ్వాల్సిన బాకీల నోట్ కి వెళ్ళండి. అక్కడ సూక్ష్మ, చిన్న సంస్థలకి బాకీ విడిగా చూపించాలి, వయసు ప్రకారం పట్టిక కూడా ఉంటది, కానీ ఆ పట్టికలో మొదటి గడే ఏడాది లోపు అని ఉంటది కాబట్టి 120 రోజుల ఆలస్యం అందులో దాక్కుంటది. దాన్ని పట్టాలంటే రేషియోల పేజీలో ట్రేడ్ పేయబుల్స్ టర్నోవర్ తీసుకుని 365 ని దానితో భాగించండి, సగటున ఎన్ని రోజులకి ఇస్తున్నారో వచ్చేస్తది. ఆ రోజులు ఏటా పెరుగుతూ, పక్కన క్యాష్ కూడా పెరుగుతూ ఉంటే ఆ క్యాష్ ఎవరిదో అడగాల్సిందే.

సరఫరా చేసే వైపు ఉన్నవాళ్ళకి ఒక మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ 45 రోజులు, ఈ టాక్స్ భయం ఏదీ మీకు పనిచెయ్యదు, అది ఆన్‌లైన్ లో ఫ్రీ. నంబర్ రాగానే బిల్లు మీద వేసెయ్యండి. ట్రేడింగ్ చేసేవాళ్ళకి మాత్రం ఈ రక్షణ వర్తించదు, తయారీ, సర్వీస్ యూనిట్లకే. సూక్ష్మ, చిన్న యూనిట్లకి బాకీపడ్డ కంపెనీలు 45 రోజులు దాటిన బాకీల వివరాలు ఎంఎస్ఎంఈ-1 అనే ఫారంలో ఆరు నెలలకోసారి దాఖలు చెయ్యాలి, అక్టోబర్ 31 లోపు ఒకటి, ఏప్రిల్ 30 లోపు ఇంకోటి. కాబట్టి మీ బాకీ గురించి రాతపూర్వకంగా అడగాలనుకుంటే సెప్టెంబర్, మార్చి నెలల్లో, పుస్తకాలు ముయ్యకముందు అడగండి, అప్పుడే అవతలివాళ్ళు పట్టించుకుంటారు.